కరువు నిలబెట్టిన వేధశాల

1871 జనాభా లెక్కల ప్రకారం కడప జిల్లాలో ఉన్నవాళ్లు 13,51,194 మంది. పదేళ్ల తరువాత, 1881లో, మళ్లీ లెక్క రాస్తే తేలింది 11,21,038. పెరగాల్సిన జిల్లా రెండు లక్షల ముప్పై వేల మందిని పోగొట్టుకుంది. నడుమ వచ్చింది ధాత కరువు. ధాత నామ సంవత్సరంలో మొదలై ఈశ్వరలోనూ విడవకుండా, 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిని పీడించిన ఆ కరువును ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెలు సంవత్సరం పేరుతోనే గుర్తుపెట్టుకున్నాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, సూర్యుణ్ణి ప్రతిరోజూ గమనించే చోటు ఒకటి ఈ దేశంలో ఉండాలన్న మాట సర్కారు కాగితాల్లోకి ఎక్కింది. ఆ మాట చివరికి కొడైకెనాల్ కొండ మీద సౌర వేధశాలగా నిలిచింది. ఇవాళ్టి భారత ఖగోళ భౌతిక సంస్థ దాని వారసురాలే. ఈ మూడు ఊళ్లకూ సొంత వేధశాల లేదు. అయినా దేశపు జాతీయ వేధశాల పుట్టుకలో ఈ నేలకు వాటా ఉందని, ఆ వాటాను కరువు రూపంలో చెల్లించిందని నా వాదన. నక్షత్రాల మీద మమకారంతోనే వేధశాలలు కడతారన్న నమ్మకం మనకు తెలియకుండానే మనసులో నాటుకుంది. మన దగ్గర జరిగింది వేరు.

కొడైకెనాల్‌కు ముందు మద్రాసు ఉంది. 1786లో విలియం పెట్రీ అనే ఈస్ట్ ఇండియా కంపెనీ ఉద్యోగి ఎగ్మోరులో సొంత ఖర్చుతో ఒక చిన్న వేధశాల పెట్టుకున్నాడు. తరువాత దాన్ని కంపెనీ తీసుకుంది. మైకేల్ టాపింగ్ ఆధ్వర్యంలో 1792లో నుంగంబాకంలో కొత్త భవనం లేచింది. పరికరాన్ని నిలబెట్టడానికి పది టన్నుల నల్లరాతి స్తంభం ఒకటి ఎత్తి, దాని మీద లాటిన్‌తో పాటు తమిళంలో, తెలుగులో, హిందుస్తానీలో శాసనం చెక్కించారు. ఆ స్తంభం ఇప్పటికీ నుంగంబాకం వాతావరణ కార్యాలయం ఆవరణలో ఉంది. ఈ జిల్లాలోని కలమళ్లలో రేనాటి చోళుల నాటి తెలుగు శాసనం నిలిచిన నేలకు, వేధశాల స్తంభం మీద తెలుగు కనిపించడం వింతేమీ కాదు. కానీ ఆ తెలుగు అక్కడికి ఎందుకొచ్చిందో గమనించాలి. కంపెనీకి ఆకాశం కంటే భూమి అవసరం ఎక్కువ. తీరం వెంట ఓడలకు దారి చెప్పాలంటే రేఖాంశం తెలియాలి, శిస్తు కట్టించుకోవాలంటే సరిహద్దు తెలియాలి. 1794లో టాపింగ్ మద్రాసులో ఎనిమిది మంది పిల్లలతో సర్వే బడి తెరిచింది ఇందుకే. 1800లో నిజాము ఈ సీమను కంపెనీకి దత్తం చేశాక, 1809 నుంచి 1815 దాకా కాలిన్ మెకంజీ దత్త మండలాల సర్వే చేయించాడు. ఆ బడిలో తయారైనవాళ్లే గొలుసులు పట్టుకుని ఇక్కడి పొలిమేరలు కొలిచారు. కాబట్టి వేధశాల మన పల్లెలకు మొదట చేరింది గొలుసు రూపంలో. తరువాత గడియారం రూపంలో వచ్చింది. 1871కి మద్రాసు నుంచి రాయచూరు దాకా రైలు దారి పూర్తయింది. అప్పట్లో ప్రొద్దుటూరుకు దగ్గరి స్టేషను ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, పులివెందులలకు ముద్దనూరు. ఆ స్టేషన్లలో నడిచింది నుంగంబాకంలో నక్షత్రాలు చూసి సరిచేసిన మద్రాసు కాలం. 1906 ప్రాంతంలో దేశానికి ప్రామాణిక కాలం వచ్చేవరకూ అదే లెక్క. 1901లో హైదరాబాదులో నవాబు జఫర్ జంగ్ పెట్టిన నిజామియా వేధశాల తెలుగువాళ్లకు దగ్గరిదే. అయితే అప్పటికి ఈ తాలూకాలు నిజాము చేయి దాటి వందేళ్లయింది. మన ఆకాశాన్ని కొలిచిన చేయి మద్రాసుదే.

వేధశాలలో వాన కొలిచే పాత్ర కూడా ఒకటి ఉండేది. 1813 నుంచి నుంగంబాకంలో పడిన ప్రతి వాననూ అంగుళాల్లో రాసిపెట్టారు. ఈ కథకు ఇరుసు ఆ పాత్రే.

వానకూ ఆకాశానికీ సంబంధం వెతకడం ఇక్కడి రైతుకు ఎవరూ నేర్పాల్సిన పని కాదు. ఉగాది నాడు పంచాంగ శ్రవణంలో ఆ ఏటి మేఘాధిపతి ఎవరో, సస్యాధిపతి ఎవరో, వాన ఎన్ని తూములో విన్నాకే ఏడాది మొదలవుతుంది. విత్తనానికి కార్తెలే కొలమానం. కార్తె అంటే సూర్యుడు ఒక నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులు. అంటే రైతు చేతిలో ఉన్నది అచ్చమైన సూర్య పట్టిక. మృగశిర, ఆరుద్రల్లో ఎర్రనేల తడుస్తుందా, ఉత్తర, హస్తల్లో నల్లరేగడికి పదును వస్తుందా అన్నదే జమ్మలమడుగు చుట్టుపట్ల జొన్న, పత్తి, శనగ వేసే రైతుకు బతుకు ప్రశ్న. సూర్యుడు ఆకాశంలో ఎక్కడున్నాడన్నదాన్ని బట్టి వానను అంచనా కట్టడం మనకు పాతదే. సూర్యుడు ఎలా ఉన్నాడన్నదాన్ని బట్టి అంచనా కట్టాలన్న ఆలోచన మాత్రం పంతొమ్మిదో శతాబ్దంలో పుట్టింది.

దానికి కూడా తెలుగు నేలే ఒక మెట్టు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టింది. గుంటూరులో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్, బ్రిటిషు అధికారి టెన్నెంట్ దుర్భిణులు పెట్టారు. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ బందరుకు వెళ్లాడు. సూర్యుడి అంచున ఎగసే మంటలను వర్ణపటంలో చూసిన జాన్సెన్, గ్రహణం లేకపోయినా వాటిని చూడవచ్చని కనిపెట్టాడు. అదే ఏడాది ఇంగ్లండులో నార్మన్ లాకియర్ తనంతట తానుగా అదే తీర్మానానికి వచ్చాడు. అంతవరకూ సూర్యుడు గ్రహణానికి గ్రహణానికి మాత్రమే చిక్కేవాడు. ఇకనుంచి రోజూ చిక్కుతాడు. రోజూ చూడదగ్గ వస్తువు దొరికినప్పుడు రోజూ చూసే చోటు కావాలి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండ కాసే దేశం ఆ పనికి అనువైనది. లాకియర్ ఈ సంగతి మరిచిపోలేదు. కానీ శాస్త్రజ్ఞుడికి కావాలనిపించినంత మాత్రాన ఖజానా తెరుచుకోదు. అది తెరుచుకోవడానికి ధాత కరువు రావాల్సి వచ్చింది.

సూర్యుడి మీద నల్లటి మచ్చలు సుమారు 11 ఏళ్లకోసారి పెరిగి తరుగుతాయి. 1870 ప్రాంతంలో బాగా పెరిగి, 1878లో దాదాపు మాయమయ్యాయి. ఈ మచ్చలు కరిగిపోతున్న కాలమూ, కడప, కర్నూలు, బళ్లారి మాడిపోయిన కాలమూ ఒకటయ్యాయి. ప్రభుత్వ గణాంకశాఖ అధిపతి విలియం విల్సన్ హంటర్ నుంగంబాకం వాన పాత్ర లెక్కలు తీసి, 1813 నుంచి 1876 దాకా 64 ఏళ్ల వానను మచ్చల పట్టిక పక్కన పెట్టాడు. మచ్చలు తక్కువైన ఏళ్లలో మద్రాసులో వాన తగ్గిందని, దక్షిణాది కరువులు ఆ ఏళ్ల చుట్టూ పోగుపడ్డాయని 1877లో పుస్తకం వేశాడు. 1833లో మచ్చలు అట్టడుగుకు పోయాయి, నందన కరువు ఆ ముందే మొదలైంది. 1867లో మళ్లీ పోయాయి, దాని ముందటి ఏడు కరువు. ఇప్పుడు మళ్లీ కరిగిపోతున్నాయి, ధాత కరువు వచ్చింది. అదే 1877లో హంటర్, లాకియర్ కలిసి లండను పత్రికలో సూర్య బిందువులు (ఈ మచ్చలే), కరువుల మీద వ్యాసం రాశారు. రాబోయే కరువును సూర్యుణ్ణి చూసి ముందే చెప్పగలిగితే ధాన్యం నిలవ పెట్టుకోవచ్చన్నది వాళ్ల ఆశ. శవాలు లేచిన ఏడాదిలో ఆ ఆశకు ఎంత బలం ఉండి ఉంటుందో ఊహించవచ్చు.

ఆ వాదనకు అప్పుడే గట్టి దెబ్బ తగిలింది. జనరల్ రిచర్డ్ స్ట్రేచీ అదే 1877లో రాయల్ సొసైటీ ముందు హంటర్ లెక్కలను విప్పి చూపాడు. ఏ ఏటి వాననైనా 11 ఏళ్ల చక్రాన్ని బట్టి అంచనా కట్టినా, ఊరికే 64 ఏళ్ల సగటును బట్టి అంచనా కట్టినా, తప్పు ఇంచుమించు అంతే వస్తుందన్నాడు. అంటే చక్రం కొత్తగా చెప్పేది ఏమీ లేదన్నమాట. స్ట్రేచీ మాట సరైనదని నేను నమ్ముతున్నాను. జమ్మలమడుగు వైపు నుంచి చూస్తే హంటర్ లెక్కలో ఇంకో లోపం కూడా కనిపిస్తుంది. నుంగంబాకం వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య గాలి తెచ్చేది. జమ్మలమడుగుకు, పులివెందులకు ముఖ్యమైనవి జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వానలు, ఆ చివరన పడే పదును వానలు. నుంగంబాకానికీ జమ్మలమడుగుకూ మధ్య గాలిలో గీత గీస్తే దాదాపు 280 కిలోమీటర్లు. ఒక గాలి నింపే పాత్రను పట్టుకుని మరో గాలికోసం ఎదురుచూసే చేను ఎందుకెండిందో చెప్పబూనడం, పొరుగూరి చెరువు మట్టం చూసి మన బావి లోతు చెప్పడం వంటిది. జిల్లాల్లో నమ్మదగ్గ వాన లెక్కలు అంత పాతవి లేవు కాబట్టి హంటర్ ఉన్నదాన్ని వాడుకున్నాడు. నేరం ఆయనది కాదు. కానీ లెక్క మనది కాదు.

ఇక్కడే నా వాదనకు మొదటి అభ్యంతరం ఎదురవుతుంది. ఆ స్ట్రేచీయే 1878లో వేసిన కరువు కమిషనుకు అధ్యక్షుడయ్యాడు. సూర్యబిందువుల సిద్ధాంతాన్ని నమ్మని మనిషి కరువు విచారణకు పెద్ద అయినప్పుడు, కొడైకెనాల్‌ను కరువు కట్టిందనడం ఎలా కుదురుతుంది? పైగా కరువు 1878లో ముగిస్తే వేధశాల తెరిచింది 1899లో. నడుమ ఇరవై ఒక్క ఏళ్లున్నాయి. అయితే ఆ ఇరవై ఒక్క ఏళ్ల అడుగుజాడలు చూస్తే తీగ ఎక్కడా తెగలేదు. భారత వాతావరణ శాఖ పెట్టిందే 1875లో. దాని మొదటి అధిపతి బ్లాన్‌ఫోర్డ్ 1881లో సూర్యుడి వేడిని, ఆ వేడిలో వచ్చే మార్పులను సరిగా కొలిచే ఏర్పాటు మెరుగుపరచాలని సిఫారసు చేశాడు. 1882 మేలో పాగ్సన్ ఒక కొండ ఊరిలో 20 అంగుళాల పెద్ద దుర్భిణి పెట్టాలని అడిగాడు. శాస్త్రజ్ఞుడు మైకీ స్మిత్ పళని కొండలు, నీలగిరులు తిరిగి మబ్బులు, గాలి నిలకడ చూసి వచ్చాడు. 1891లో పాగ్సన్ పోయాడు. 1891-92లో దత్త మండలాల్లో మళ్లీ వానలు తప్పాయి. 1893లో లార్డ్ కెల్విన్ అధ్యక్షతన కూర్చున్న భారత వేధశాలల సంఘం సౌర వేధశాలకు కొడైకెనాల్‌ను ఎంచింది. 1895లో మద్రాసు గవర్నరు వెన్‌లాక్ పునాదిరాయి వేశాడు. 1899లో పని మొదలైంది. మద్రాసు పరికరాలు ఎన్నో కొండెక్కాయి. స్ట్రేచీ కొట్టేసింది ఒక లెక్కను. సూర్యుడికీ వానకూ సంబంధం ఉందో లేదో తేల్చుకోవాలన్న ప్రశ్న అలాగే మిగిలింది. ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే ఏళ్ల తరబడి తెగని రోజువారీ లెక్క కావాలి. కొడైకెనాల్‌ను వాతావరణ శాఖ కింద ఉంచడమే దీనికి నిదర్శనం. నక్షత్రాలకోసమే కట్టి ఉంటే దాన్ని వానల శాఖకు అప్పగించరు.

లాకియర్‌కు సూర్యుడే కావాలి, కరువు ఆయన చేతికి దొరికిన సాకు మాత్రమే అనేవాళ్లూ ఉండవచ్చు. అందులో కొంత నిజం ఉంది. కానీ అది నా మాటను పడగొట్టదు, నిలబెడుతుంది. గుంటూరు గ్రహణం జరిగిన 1868 నుంచి ధాత కరువు దాకా ఎనిమిదేళ్లు శాస్త్ర కుతూహలం ఒక్కటే ఉంది, దానితో కొండ మీద ఒక్క గోడ లేవలేదు. గోడ లేచింది కరువు తరువాతే.

రెండో అభ్యంతరం ఇంతకంటే బరువైనది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. కరువుకు సూర్యుణ్ణి కారణంగా చూపడం పాలకులకు చాలా అనుకూలమైన మాట. మచ్చలు తగ్గితే వాన తగ్గింది, వాన తగ్గితే మనుషులు చచ్చారు అంటే ఇక ఎవరూ జవాబు చెప్పనక్కర్లేదు. కానీ ముద్దనూరు మీదుగా రైలు నడుస్తూనే ఉంది. ధాన్యం కదిలే దారి ఉంది, దాన్ని కొనే డబ్బు కూలివాడి దగ్గర లేదు. 1877 ఆరంభంలో భారత ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలి తగ్గించి, మగవాడికి రోజుకు ఒక పౌను తిండిగింజలు, పైన కొద్ది చిల్లర చాలన్నాడు. మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ అది మనిషిని చంపే లెక్కని ఎదురు నిలిచాడు, మేలో కూలి మళ్లీ పెరిగింది. ఆ నడుమ నెలలకు సూర్యుడు బాధ్యుడు కాడు. నీళ్ల మాటా అంతే. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్విన కర్నూలు కడప కాలువ సుంకేసుల నుంచి కుందూ లోయ వెంట వచ్చి, ఆదినిమ్మాయపల్లె దగ్గర పెన్నేరు దాటి కడప చేరేది. ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి దాని దారిలో ఉంది, పులివెందుల లేదు. కంపెనీ నుంచి సర్కారు ఆ కాలువ కొన్నది 1882లో, అంటే కరువు దాటాక. వాన తప్పడం ప్రకృతి పని కావచ్చు. తప్పిన వాన కరువై, ఆ కరువు జిల్లాలో ఆరోవంతు జనాన్ని మింగడం మనుషుల పని. కొడైకెనాల్‌కు కరువుతో ఉన్న బంధాన్ని చెప్పేటప్పుడు ఈ రెండింటినీ కలపకూడదు. ధాత కరువు చావులకు కారణం వెతుక్కుంటూ సర్కారు కన్నెత్తి సూర్యుడి వైపు చూసింది. గింజల అంగడి వైపూ కూలి లెక్కల వైపూ కూడా అంతే పట్టుదలగా చూసి ఉండాల్సింది. ఆ తప్పు వేధశాలది కాదు. అయినా వేధశాల పుట్టుకలో ఆ తప్పు నీడ ఉంది.

సూర్యుడికీ వానకూ సంబంధం ఉందా అన్న ప్రశ్నకు జవాబు చివరికి దొరికింది. దొరికిన తీరే ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా కదిలించే భాగం. 1904లో గిల్బర్ట్ వాకర్ అనే గణితవేత్త భారత వేధశాలల డైరెక్టర్ జనరల్ అయ్యాడు. కొడైకెనాల్ ఆయన కిందే. ఆయన దుర్భిణి మనిషి కాడు, అంకెల మనిషి. ఎన్నో చోట్ల వాన లెక్కలు తీసి, సూర్యబిందువులతో పోల్చి, 1915లో తేల్చి చెప్పాడు: నమ్ముకోదగ్గ సంబంధం లేదు. హంటర్ వెతికిన తాళం ఆ పెట్టెకు పట్టదు. వాకర్ అక్కడితో ఆగలేదు. ప్రపంచంలో పలుచోట్ల గాలి ఒత్తిడి లెక్కలు పోగేసి, పసిఫిక్ మహాసముద్రం వైపు ఒత్తిడి పెరిగితే హిందూ మహాసముద్రం వైపు తగ్గుతుందని, ఇక్కడ పెరిగితే అక్కడ తగ్గుతుందని, త్రాసు తట్టల్లాంటి ఆ ఊగిసలాటకు మన నైరుతి వానతో బంధముందని చూపాడు. 1924లో దానికి దక్షిణ డోలనం అని పేరు పెట్టాడు. 1969లో బ్యెర్క్‌నెస్ ఆ డోలనాన్ని పెరూ తీరంలో సముద్రం వేడెక్కే ఎల్ నినోతో ముడిపెట్టాడు. 1877-78లో వచ్చిన ఎల్ నినో ఎంతో బలమైనదని ఇవాళ శాస్త్రజ్ఞులు ఒప్పుకుంటున్నారు. జమ్మలమడుగు చేలు ఎండిన కారణాన్ని ఆకాశంలో వెతికారు, అది సముద్రంలో ఉంది. దాన్ని పట్టుకున్నది మాత్రం ఆకాశం చూడమని పెట్టిన శాఖ పెద్దే. ఇవాళ ఏప్రిల్‌లో వాతావరణ శాఖ వానల అంచనా చెప్పగానే పులివెందుల చీనీతోటల రైతు ఎల్ నినో ఉందా లేదా అని అడుగుతాడు. ఆ ప్రశ్న అతని నోటికి చేరిన దారి ఇదే.

సిద్ధాంతం వీగిపోయింది కాబట్టి కొడైకెనాల్ వృథా అయిందా? కాలేదు. వానకోసం మొదలైన చూపు సూర్యుడి గుట్టు విప్పింది. 1907లో వచ్చిన జాన్ ఎవర్‌షెడ్, 1909 జనవరిలో సూర్యబిందువు అంచుల్లో వాయువు నడి నుంచి బయటికి పారుతోందని కనిపెట్టాడు. ప్రపంచమంతా దాన్ని ఎవర్‌షెడ్ ప్రభావం అనే పిలుస్తుంది. 1904 నుంచి అక్కడ సూర్యుడి ఫొటోలు రోజువారీగా తీస్తున్నారు. హైదరాబాదు నిజామియా వేధశాలలో పనిచేసిన తండ్రికి కొడుకుగా, నిజాం కాలేజీలో చదివి పెరిగిన వైణు బప్పు 1960లో కొడైకెనాల్ పగ్గాలు పట్టాడు. 1971లో వేధశాలను వాతావరణ శాఖ నుంచి విడదీసి భారత ఖగోళ భౌతిక సంస్థగా నిలబెట్టింది ఆయనే. కావలూరు అడవిలో ఆయన తలపెట్టిన 2.34 మీటర్ల దుర్భిణి ఆయన పోయిన మూడేళ్లు దాటాక, 1986 జనవరిలో, ఆయన పేరుతోనే తెరుచుకుంది. వానతో ముడి అప్పటికి తెగిపోయింది. సూర్యుడితో ముడి తెగలేదు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి లేచిన ఆదిత్య ఎల్1లో సూర్యుడి కిరీటాన్ని చూసే ప్రధాన పరికరాన్ని కట్టింది ఆ సంస్థే.

కొడైకెనాల్ గదుల్లో దాచిన గాజు పలకలను ఇప్పుడు కంప్యూటర్లలోకి ఎక్కించారు. వాటిలో 1918 సూర్యుడు ఉన్నాడు, దేశమంతటా నైరుతి తప్పిన ఏడు అది. 1972 సూర్యుడూ ఉన్నాడు. ఆ ఏళ్లలో ఉత్తర కార్తెలో పదునుకోసం జమ్మలమడుగు రేగడి చేలగట్ల మీద నిలబడి తలెత్తిన రైతులు చూసింది ఆ సూర్యుణ్ణే. మచ్చలు కొన్ని పలకల్లో ఎక్కువ, కొన్నింట్లో తక్కువ. ఏ పలకలోనూ వాన జాడ లేదు.